దాణాకి పోయే గింజను ఎవరు చూస్తున్నారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పంట చేతికొచ్చే రోజుల్లో వాన పడితే మర్నాడు జిల్లా పేజీలో ఏ ఫొటో వస్తుందో నేను చూడకుండానే చెప్పగలను. రోడ్డు పక్కన తడిసిన మొక్కజొన్న రాశి, దాని మీద సగమే కప్పిన పట్టా, పక్కన తల పట్టుకుని కూర్చున్న రైతు. కింద వార్తలో ఎక్కడో ఒకచోట ఇలా ఉంటుంది: రంగు మారిన గింజను వ్యాపారులు దాణా కోసం తక్కువ ధరకు అడుగుతున్నారు. అక్కడితో వార్త అయిపోతుంది. ఆ గింజ ఆ తర్వాత ఎక్కడికి పోయిందో, దాన్ని తిన్న జీవం ఏమైందో ఎవరూ రాయరు. ఆ దాణా కొనేవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి నేను రాస్తున్నాను.

మాది ఏలూరు జిల్లా చింతలపూడి ప్రాంతం. ఎరుకల వాళ్లం, పందులు పెంచుతాం. మా నాన్న కాలంలో పందులు ఊరి చుట్టూ తిరిగి మేసి, సాయంత్రం కుడితి కోసం ఇంటికొచ్చేవి. ఇప్పుడు షెడ్డు కట్టాం. యార్క్‌షైర్ సంకరజాతివి పెంచుతున్నాం. డిగ్రీ చదివి ఈ పందుల పనేంటమ్మా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకి ఇక్కడ జవాబు చెప్పబోవడం లేదు. మీ పేపర్లో మా జీవాల పేరు ‘పందుల స్వైరవిహారం’ అనే శీర్షిక కింద తప్ప ఇంకెక్కడా కనపడదని మాత్రం ఈ సందర్భంలో గుర్తు చేస్తున్నాను.

విషయానికొస్తాను. ఒక చలికాలం మాకు మొక్కజొన్న తక్కువ ధరకు దొరికింది. వానాకాలం పంట, అక్టోబరు వానల్లో తడిసిన సరుకు. ఆ వ్యాపారి పేరు రాయను, అలాంటివాళ్లు ఒక్కరే ఉంటే ఈ ఉత్తరం అవసరమే ఉండేది కాదు. ‘బాగా ఆరబెట్టాం, మీటరు పెట్టి చూసుకోండి’ అన్నాడు. మీటరు పెట్టి చూశాం. తేమ పదమూడు చూపించింది. గింజ కాస్త రంగు తగ్గింది గానీ పైకి బూజు లేదు. మర పట్టించి, నూనెగింజల చెక్క కలిపి, అప్పుడే తల్లి దగ్గర పాలు మాన్పించిన పందిపిల్లలకి పెట్టాం.

మొదట జరిగింది తొట్టిలో దాణా మిగలడం. పందిపిల్ల తొట్టిలో దాణా మిగిల్చిందంటే పెంచేవాళ్లకి అంతకుమించిన టెన్షన్ ఉండదు. తర్వాత వెంట్రుక గరుకుబారింది, పొట్టలు లోపలికి పోయాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలు, ఒకే గదిలో ఉన్నవి, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయిపోయాయి. ఇంకొన్నాళ్లకి రెండు నెలల ఆడపిల్లలకి వెనక భాగం ఎర్రగా వాచి, అచ్చం ఎదకొచ్చిన పందుల్లా కనిపించాయి. మా అత్తగారు చూసి, ‘ఇంత పసిదానికి ఎదేంటే?’ అని ముక్కున వేలేసుకుంది.

పశువుల డాక్టరు గారిని పిలిపించాం. మందు రాసిస్తారనుకుంటే, ముందు దాణా గది చూపించమన్నారు. బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి, వాటిని మొన దగ్గర గోటితో చీల్చి చూపించారు. లోపల కొన్ని నల్లగా, కొన్ని గులాబీ రంగులో ఉన్నాయి. ఫ్యుజేరియం అనే బూజు తయారుచేసే జియరలినోన్ అనే విషం ఆడ హార్మోను చేసే పని చేస్తుందట. అందుకే పాలు మానిన పసిదానికి కూడా ఎద లక్షణాలు. మందు లేదమ్మా, గింజ మార్చండి అన్నారు. మార్చాం. వాపులు క్రమంగా తగ్గాయి. తొట్టి మళ్లీ ఖాళీ అవడం మొదలైంది. కానీ ఆ గుంపు వెనకబడిపోయిన ఎదుగుదల మాత్రం చివరిదాకా పూడలేదు. మిగతావి అమ్మకానికి వెళ్లిన చాలా రోజులకి గానీ ఇవి ఆ బరువుకి రాలేదు. అన్నాళ్లూ తిండి పెట్టింది మేమే కదా.

ఇక్కడ చాలామంది రైతులు, వ్యాపారులు, పెంపకందారులు కూడా తప్పుగా అనుకునే సంగతి ఒకటుంది. గింజ ఎండితే బాగైపోయినట్టే అనుకుంటారు. ఎండ బూజు పెరగకుండా ఆపుతుంది. అది అప్పటికే గింజలో వదిలేసిన విషాన్ని తీసెయ్యదు. ఉడకబెట్టినా అది పూర్తిగా పోదు. పైగా బూజు కళ్లకి కనపడాలనేమీ లేదు. మార్కెట్లో కొనుగోలుకి 14 శాతం లోపు తేమ ఉండాలి. ఆ ఒక్క అంకె మీదే ధర నడుస్తుంది. ఈ రోజు గింజలో తేమ ఎంతుందో మీటరు చెబుతుంది గానీ, మొన్న అది వారం రోజులు పట్టా కింద ఉక్కపోతలో ఎలా మగ్గిందో ఎలా చెబుతుంది?

విషాలు కూడా ఒకటి కాదు. మొక్కజొన్నకీ వేరుశనగ చెక్కకీ పట్టే ఆకుపచ్చ బూజు అఫ్లాటాక్సిన్ చేస్తుంది. అది కాలేయాన్ని తింటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఎందుకు చచ్చిపోతున్నాయో తెలియక తల పట్టుకుంటే, కారణం బ్రెజిల్ నుంచి దిగుమతైన వేరుశనగ చెక్క అని తేలింది. ఈ విషం సంగతి ప్రపంచానికి తెలిసింది అప్పుడే. ఇంకొకటి డాన్ అంటారు, వాంతుల విషం. పశువుల్లో దీన్ని అందరికంటే తట్టుకోలేనిది పందే. దాణాలో పది లక్షల పాళ్లకి ఒక పాలు దాటితే చాలు, తిండి తగ్గించేస్తుంది. పంది ఏదైనా తింటుందని లోకం అంటుంది. పాడైన గింజ దగ్గర కోడి కంటే, ఆవు కంటే ముందు మూతి తిప్పుకునేది పందే అని మా తొట్లు చూసినవాళ్లకి తెలుసు.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇది. అమెరికాలో మొక్కజొన్నకి అఫ్లాటాక్సిన్ హద్దు అన్ని జీవాలకీ ఒకటి కాదు. అమ్మకానికి తయారవుతున్న పెద్ద పందులకి వంద కోట్ల పాళ్లకి 200 పాళ్లదాకా ఒప్పుకుంటారు. ఈనే పందులకి 100. పిల్లలకి 20 మాత్రమే. యూరప్‌లో జియరలినోన్‌కీ అంతే: పెద్ద పందుల దాణాకి 250 అంటే, పిల్లలకి 100. అంటే ఒకే బస్తా గింజ పెద్ద పందికి పర్వాలేదు, పిల్లకి విషం. మన దగ్గర దాణా అనే మాట ఒక్కటే ఉంది. మనుషులు వద్దన్న గింజంతా ఆ మాట కింద పడిపోతుంది. అది ఎవరి తొట్టిలోకి పోతుందో అడిగే దిక్కు లేదు. చౌక దాణా ఎక్కువగా కొనేది చిన్న పెంపకందారులు, వాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేవి పిల్లలు.

పిల్లకి ఎందుకింత తేడా అంటే, అది కిలో, కిలోం పావు బరువుతో పుడుతుంది. ఎనిమిది వారాలకి పది కిలోలు అవ్వాలి. ఆ వేగంతో పెరిగే జీవం తన బరువుతో పోలిస్తే పెద్ద పంది కంటే చాలా ఎక్కువ తింటుంది, దాంతోపాటు విషమూ ఎక్కువే లోపలికి పోతుంది. పాలు మానిన కొత్తలో దాని పేగు ఇంకా పాలకే అలవాటు పడి ఉంటుంది. గింజను అరిగించే శక్తి అప్పుడప్పుడే వస్తుంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మనం దాని ముందు చవక గింజ పోస్తాం.

బూజు లేని మంచి గింజతో కూడా పని పూర్తవదు. మొక్కజొన్నలో మాంసకృత్తులు ఎనిమిది తొమ్మిది శాతం ఉంటాయి. పిల్ల దాణాకి ఇరవై శాతం దాకా కావాలి. ఉన్న ఆ కాస్తలో కూడా లైసిన్ అనేది మరీ తక్కువ. కండ కట్టడానికి పందికి ముందుగా కొరత పడేది అదే. సున్నం ఎంత ఉన్నా ఇటుక లేకపోతే గోడ లేవదు. వట్టి మొక్కజొన్న మీద పెంచిన పిల్లకి కొవ్వు పడుతుంది, నడుము పెరగదు. అందుకే సోయా చెక్కో చేపపొడో కలుపుతాం, దాణా ఖర్చు అక్కడే పెరుగుతుంది.

ఈ లోపానికి గింజలోనే విరుగుడు ఉందని 1964 నుంచీ తెలుసు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఓపేక్-2 అనే రకం మొక్కజొన్నలో లైసిన్ మామూలు దానికంటే దాదాపు రెట్టింపు ఉందని కనిపెట్టారు. దాని గింజ మెత్తగా ఉండి పురుగు పట్టేది, దిగుబడి తక్కువ. ఆ లోపాలు సరిచేసి నాణ్యమైన ప్రొటీన్ మొక్కజొన్న తయారుచేసినందుకు మన దేశస్థుడు సురీందర్ వాసల్‌కీ, మెక్సికోకి చెందిన ఎవాంజెలీనా విల్లెగాస్‌కీ 2000లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. హెచ్‌క్యూపీఎం-1 లాంటి హైబ్రిడ్లు మన దేశంలోనూ విడుదలయ్యాయి. మరి మా చుట్టుపక్కల మొక్కజొన్న చేలలో అది ఎందుకు కనపడదు? రైతు తప్పు కాదు. యార్డులో ఆ గింజకి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వరు. లోపల లైసిన్ ఎంతుందో మీటరులో కనపడదు కదా.

తవుడు గురించి రాయకపోతే మా ఊళ్లో నన్ను తప్పు పడతారు, ఎందుకంటే మా వాళ్లకి ఇప్పటికీ పంది అంటే తవుడే. మంచి తవుడు మంచి మేతే. కానీ పచ్చి బియ్యం మిల్లు నుంచి వచ్చిన తవుడులో నూనె మర ఆడిన గంటల్లోనే చెడిపోవడం మొదలవుతుంది. వేసవిలో రెండు మూడు వారాలు నిలవుంచిన తవుడు నాలుకకి చేదు తగులుతుంది. పిల్లలు దాన్ని ముట్టవు. ఉప్పుడు బియ్యం మిల్లు తవుడు ఉడికి ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులు ఆగుతుంది. పాతకాలపు హల్లరు మిల్లుల్లో వచ్చేది సగం ఊక. అది పిల్లకి పొట్ట నింపుతుంది గానీ ఒళ్లు నింపదు. ఇంకో సంగతి ఉంది. గింజల్లోనూ తవుడులోనూ ఉండే ఫైటేటు అనే పదార్థం జింకును పట్టేసుకుంటుంది. పైన సున్నపు పొడి ఎక్కువ కలిపితే మరీ. అప్పుడు పిల్లలకి కాళ్ల మీదా పొట్ట మీదా చర్మం చెక్కుకట్టి పగులుతుంది. మా నాన్న దాన్ని గజ్జి అనుకుని వేపనూనె, పసుపు రాసేవాడు. అది జింకు కొరత అని 1955లోనే అమెరికాలో తేల్చారు. కాస్త జింకు దాణాలో కలిపితే పోతుంది. వేపనూనెకి పోదు.

పాలు మానిన పిల్లకి నా దృష్టిలో నూకలని మించింది లేదు. పీచు తక్కువ, తేలిగ్గా అరుగుతాయి, విరేచనాలు తగ్గుతాయి. కానీ ఇప్పుడు నూకలు కొనగలిగేదెవరు? ఇథనాల్ ఫ్యాక్టరీలు ఒకవైపు, ఎగుమతులు ఒకవైపు. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతి ఆపినప్పుడు ఆపడానికి చెప్పిన కారణాల్లో పశువుల దాణా కూడా ఉంది. 2025లో మళ్లీ వదిలేశారు. మొక్కజొన్న కూడా ఇథనాల్ దారి పట్టింది. మద్దతు ధర 2024-25లో క్వింటాకి 2,225 రూపాయలు ఉంటే 2025-26కి 2,400 అయింది. రైతుకి ఆ ధర దక్కితే నాకు సంతోషమే, మా అన్నదమ్ముల్లో మొక్కజొన్న కౌలుకి వేసేవాళ్లూ ఉన్నారు. నా గొడవ ధరతో కాదు, ఆ ధరకి తట్టుకోలేక దాణా కొనేవాళ్లు దేనివైపు మళ్లుతున్నారన్న దాంతో.

మళ్లుతున్నది ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఎండు పిప్పి వైపు. డీడీజీఎస్ అని సంచి మీద రాసి ఉంటుంది. సోయా చెక్క కంటే బాగా చవక, మాంసకృత్తులు ఎక్కువ అని చెప్పి అమ్ముతారు. చెప్పేది అబద్ధం కాదు. కానీ గింజలోని పిండి అంతా సారాయిగా మారిపోయాక మిగిలేది మూడో వంతు. బూజు విషం సారాయిలోకి పోదు, ఆ పిప్పిలోనే ఉండిపోతుంది. అంటే గింజలో ఉన్నదానికి సుమారు మూడు రెట్లు చిక్కబడుతుంది. రంగు మారిన గింజ ఫ్యాక్టరీకి పోయిందిలే, ఎవరూ తినలేదు అనుకునేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. పెద్ద పందులకి కొలతగా పెట్టవచ్చు. పిల్లలకి పెట్టొద్దని సంచి మీద రాసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇదంతా ఎందుకు, హోటళ్ల మిగులు తెచ్చి పెట్టుకోవచ్చుగా అని కొందరంటారు. 2020లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అస్సాం, అరుణాచల్ వైపు నుంచి దేశంలోకి వచ్చింది. దానికి మందు లేదు, వస్తే షెడ్డు ఖాళీ. బాగా ఉడకబెట్టని హోటల్ మిగులు అది పాకే దారుల్లో ఒకటి. ఆ భయంతోనే మాలాంటి వాళ్లం గింజ దాణాకి వచ్చాం. ఇటు వస్తే ఇదీ సంగతి.

ప్రభుత్వం పందుల పెంపకానికి సాయం చేయడం లేదని నేననను. జాతీయ పశుసంపద మిషన్ కింద 50 ఆడ, 5 మగ పందుల యూనిట్‌కి 15 లక్షల వరకు, 100 ఆడ, 10 మగ పందుల యూనిట్‌కి 30 లక్షల వరకు, పెట్టుబడిలో సగం రాయితీ ఉంది. ఆ డబ్బుతో షెడ్డు లేస్తుంది, మేలుజాతి పందులు దిగుతాయి. ఆ తర్వాత ప్రతి నెలా అయ్యే ఖర్చులో ముప్పాతిక వంతు దాణాదే. మేలుజాతి పిల్ల నాసి గింజను నాటు పిల్ల కంటే తక్కువ తట్టుకుంటుంది అని నా అనుభవం. వేగంగా పెరిగేదానికి లోటు కూడా వేగంగానే తెలుస్తుంది.

నేను కోరేది పెద్ద ల్యాబులు కాదు. అఫ్లాటాక్సిన్‌ని పావుగంటలో చూపించే పట్టీలు ఉన్నాయి. గింజ పొడి ద్రావణంలో ముంచితే గీత పడుతుందో లేదో చూడటమే. మొక్కజొన్న వచ్చే యార్డుల్లో, మండలానికి ఒక రైతు సేవా కేంద్రంలో, వాన పడ్డ సీజన్లోనైనా అవి పెట్టండి. తేమ మీటరు పక్కన ఇంకో బల్ల వేస్తే చాలు. రంగు మారిన గింజను ప్రభుత్వం కొన్నా, వ్యాపారి కొన్నా, దాణాకి అమ్మేటప్పుడు బస్తా మీద ‘పిల్లలకి పెట్టరాదు’ అనే ముద్ర ఉండాలి. పరీక్షలో తేలినదాన్ని బట్టి పెద్ద పశువులకో, ఫ్యాక్టరీకో వెళ్లొచ్చు, దాచిపెట్టి కలపకూడదు. మంచి గింజలో చెడ్డ గింజ కలిపితే విషం పలచబడుతుందని నాతో ఒక మర యజమాని గొప్పగా చెప్పాడు. పలచబడటం కాదు, పది మంది తొట్లలోకి పంచబడుతుంది.

తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలో పందుల మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. వాళ్లు సీజన్‌కి ఒకసారి జిల్లాల నుంచి మొక్కజొన్న, తవుడు, డీడీజీఎస్ నమూనాలు తీసి, ఏ ప్రాంతం గింజలో ఏ విషం ఎంతుందో తెలుగులో ఒక కాగితం మీద ప్రకటిస్తే, దాన్ని మీ జిల్లా పేజీలో వేస్తే, మాకు కొనేముందు చూసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. మిర్చి ధరలు రోజూ వేస్తున్నారు కదా.

ఇవన్నీ వచ్చేదాకా తోటి పెంపకందారులు ఇంట్లో చేసుకోగలిగింది ఒకటి చెబుతాను. మూత గట్టిగా ఉన్న పొడి గాజు సీసాలో మూడో వంతు గింజ పోసి, రెండు మూడు చెంచాల బాగా ఎండిన ఉప్పు వేసి, కొన్ని నిమిషాలు ఊపి పక్కన పెట్టండి. సీసా గోడలకి ఉప్పు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టు, ఆ గింజ నిలవకి పనికిరాదు. విషం ఉందో లేదో ఇది చెప్పదు, కొత్తగా పుట్టకుండా ఆపుకోవడానికి మాత్రమే. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి ఎడంగా పెట్టండి. మరలో మూడు మిల్లీమీటర్ల జల్లెడ వేయమని అడగండి. బద్దలుగా పట్టిస్తే సగం గింజ అరగకుండా పేడలో కనిపిస్తుంది. మరీ మెత్తటి పిండి చేస్తే కడుపులో పుండ్లు పడతాయి. అన్నిటికంటే ముందు, ఉన్నదాంట్లో మంచి గింజను పిల్లలకి వేరుగా తీసి పెట్టండి. మా ఇంట్లో ఆ బస్తాలకి ఎర్ర తాడు కడతాం, చదువురాని మా అత్తగారు కూడా పొరపడకుండా.

రబీ మొక్కజొన్న మార్చి నెలాఖరుకి కళ్లాల్లోకి వస్తుంది. ఈసారి తడిసిన గింజ వార్త రాసేటప్పుడు మీ విలేకరి ‘దాణా కోసం’ అన్నచోట ఆగకుండా, కొన్న వ్యాపారిని ఇంకో ప్రశ్న అడగాలని కోరుతున్నాను: ఏ జీవాల దాణాకి, పరీక్ష చేయించారా అని.

ఇట్లు,
ఒక పందుల పెంపకందారు,
చింతలపూడి ప్రాంతం, ఏలూరు జిల్లా.